శాంతముగా కాల్చవలెను

మా లంకల యుద్ధంలో క్రౌర్యానికి పాల్పడినట్టు రుజువై శిక్ష పడినవాడు ఒకే ఒక్కడు. అది నేను. వెంటనే కుర్చీ వెనక్కి జరుపుకోకండి. నేను తుపాకీ పట్టి ఎరగను. జన్మంతా పట్టుకున్నవి జనం చేతులే. పేరు తాతారావు. పెద్దాసుపత్రి వరండాలో బల్ల వేసుకుని బి.పి. చూసేవాణ్ణి. జబ్బకి పట్టీ చుట్టి, పంపు కొట్టి, పాదరసం దిగుతుంటే చప్పుడు విని, "ఉప్పు తగ్గించండి, కోపం తగ్గించండి" అని చెప్పి పంపడం నా ఉద్యోగం. జనం రెండూ తగ్గించేవాళ్లు కాదు. అది వేరే సంగతి.

ముందు యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఏటికి తూర్పు గట్టున మా సర్కారు, పడమటి గట్టున వాళ్ల సర్కారు. భాష ఒకటే, పులుసు ఒకటే, పెళ్లి సంబంధాలు అటూ ఇటూ నడిచేవే. ఏటి మధ్యలో రెండు లంకలున్నాయి, ఎగువన పై లంక, దిగువన కింది లంక. లంకంటే ఏముంది, వరద తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. ఒక వరదకి మా వైపు జరుగుతుంది, ఇంకో వరదకి వాళ్ల వైపు జరుగుతుంది. దానిమీద కొంతమంది పాకలు వేసుకుని, కంద, అరటి పండించుకుని, గేదెల్ని మేపుకుంటూ, ఏ గట్టు దగ్గరైతే ఆ గట్టుకి పాలు పోసేవాళ్లు. నిలకడగా ఒకచోట ఉండని ఆ మట్టి ఎవరిదో తేలి తీరాలని రెండు సర్కార్లకీ ఒకేసారి పట్టుదల వచ్చింది.

యుద్ధం మొదలైన కొత్తలో మావాళ్లు అవతలి రేవు పక్కనున్న జాలరిపేటని తగలబెట్టారు. లోపల పడుకున్నవాళ్లు లేచే వ్యవధి కూడా ఇవ్వలేదు. పరదేశాల పత్రికలు బొమ్మలతో సహా వేశాయి. మా సర్కారుకి సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు సర్కారు చేసే పని ఒకటే కదా. సంఘం వేసింది.

దాని పేరు క్రౌర్య కారణ నిర్ధారణ సంఘం. అధ్యక్షులు విరూపాక్షరావుగారు. ఆయన గొంతు ఎంత మెత్తనంటే, ఉద్యోగంలోంచి తీసేస్తున్నానని చెప్పినా ఎదుటివాడు దండం పెట్టి బయటికి వచ్చేవాడు. సంఘం ఏటిగట్టంతా తిరిగింది, పూతరేకులు తిన్నది, పేట తగలబెట్టిన సిపాయిల్ని పిలిచి ఎందుకు చేశారని అడిగింది. పొద్దున్నే స్నేహితుడు పక్కనే చచ్చిపోయాడని ఒకడు, కోపం ఆగలేదని ఇంకొకడు చెప్పారు. అందరి మాటా అదే. అగ్గిపెట్టెలు ఎవరిచ్చారు, వెళ్లమని ఎవరన్నారు అని మాత్రం సంఘం అడగలేదు. అన్నవాళ్లు అదే వేదిక మీద, అధ్యక్షులవారి పక్క కుర్చీల్లో కూర్చుని పూతరేకులు తింటున్నారు మరి.

చివరికి సంఘం తేల్చింది. "క్రౌర్యమనగా కోపావేశమున జరుపబడు హింస. కోపము లేనిచోట క్రౌర్యము లేదు." సభలో చప్పట్లు మోగిపోయాయి. మొదటి వాక్యం అందరికీ నచ్చింది. రెండో వాక్యాన్ని ఎత్తి, దాని కింద ఏముందో చూసినవాడు లేడు.

పడమటి గట్టువాళ్లు కూడా మాకు తీసిపోకుండా ఒక సంఘం వేసుకున్నారట. వాళ్లది క్రౌర్యానికి కారణం ఆకలని తేల్చిందట. అప్పట్నుంచీ వాళ్లు సుష్టుగా భోంచేసి మరీ మనుషుల్ని చంపేవాళ్లు.

ఇక కోపాన్ని కొలవడం ఎలా? మీసం అదురు చూద్దామన్నారు, మీసం లేనివాళ్ల సంగతేమిటన్నారు. కళ్లెరుపు చూద్దామన్నారు, కళ్లకలక వస్తే ఎలాగన్నారు. మంత్రిగారికి బి.పి. ఉంది. కోపం వస్తే పెరుగుతుందని వాళ్ల డాక్టరు రోజూ చెబుతాడు. ఇంకేం, కొలమానం దొరికిపోయింది. నూట నలభై లోపు ఉన్నవాడు శాంతుడు, దాటితే క్రూరుడు. బి.పి. చూపించుకోకుండా సిపాయి ఆయుధం ఎత్తితే నేరం. సంఘం కాస్తా ప్రశాంతతా శాఖ అయిపోయింది, విరూపాక్షరావుగారు దానికి సంచాలకులైపోయారు. నన్ను వరండాలోంచి లేపి, మిషనుతో సహా ఏటిగట్టు శిబిరానికి తోలేశారు.

శిబిరం పెద్ద మేజరు సుదర్శనవర్మగారు. నేను దిగిన ఉదయం ఆయన ఇడ్లీ తింటున్నారు. అవతల్నుంచి గుండొకటి వచ్చి పక్కనున్న నీళ్ల పీపాని బద్దలుకొట్టింది. ఆయన చట్నీ గిన్నెని నీళ్లు పడకుండా కాస్త ఇటు జరుపుకున్నారు. బి.పి. చూశాను. పసిపిల్లలకి కూడా అంత నిదానంగా ఉండదు.

సిపాయిల సంగతి అలా లేదు. చేతులు పైకి మడుచుకుని వరసలో నిలబడ్డారు. నడిచొచ్చినవాడికి వెంటనే చూడకూడదు, కాసేపు కూర్చోబెట్టాలి, మాట్లాడనివ్వకూడదు. ఇది వైద్యశాస్త్రం. అవతలివాళ్లకి వైద్యశాస్త్రం తెలియదు కాబట్టి పేలుస్తూనే ఉన్నారు. తల మీదనుంచి గుళ్లు పోతుంటే బుద్ధిగా కళ్లు మూసుకుని కూర్చున్నారు మావాళ్లు. ఒక్కొక్కడికీ నూట యాభై, నూట అరవై.

"ఇతను పేల్చకూడదండీ," అన్నాను మొదటివాణ్ణి చూసి.

"వీడో?" అన్నారు మేజరుగారు.

"ఇతనూ కూడదండీ."

అలా శిబిరమంతా కూడకుండా పోయింది. కొన్నాళ్లపాటు మా గట్టునుంచి గుండు కదల్లేదు. ఇటునుంచి పేలకపోయేసరికి అవతలివాళ్లకీ విసుగొచ్చి మానేశారు. లంకల్లో వాళ్లు బయటికొచ్చి కంద తవ్వుకున్నారు. నాకు భలే సంతోషంగా ఉండేది. ఈ సర్కారు పొరపాటున ఒక మంచి పని చేసేసింది, ఎవరూ చూడకముందే యుద్ధం ఆగిపోయేలా ఉంది అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

అప్పుడే నూకరాజు పరిచయమయ్యాడు. పడవ నడిపేవాళ్ల పిల్లాడు, పాతికేళ్లుండవు. కళ్లు మహా చురుకు. అందుకని వాడికి దుర్భిణి ఇచ్చారు. ఫిరంగి దగ్గరుండేవాళ్లకి గట్టు అడ్డం, అవతలేముందో కనపడదు. నూకరాజు మంచె ఎక్కి చూసి "కాస్త ఎడంగా, ఇంకాస్త ముందుకి" అని కేకేస్తే వాళ్లు దాన్నిబట్టి పేల్చాలి. పేల్చడం లేదు కాబట్టి వాడు రోజంతా లంకల్ని చూస్తూ కూర్చునేవాడు.

"డాక్టరుగారండీ, పై లంకలో ఓ ముసలావిడుందండీ," అనేవాడు నా దగ్గరికొచ్చి. నేను డాక్టర్ని కాదురా అంటే వినేవాడు కాదు. "ఆవిడకో గేదుందండీ. పొద్దున్నే అది పాలియ్యకుండా మొండికేత్తాది. ఆవిడ చెయ్యి ఊపేసి తిడతాది. తిట్టిన తర్వాతే ఇత్తాదండీ బాబూ!"

"ఇంత దూరం తిట్టు ఎలా వినపడిందిరా నీకు?"

"నోరు చూత్తే తెలీదాండీ? మా యమ్మ తిట్టేదీ అదే. 'నీ దుంప తెగా! సంతకి తోలేత్తానుండు నిన్నూ!' అంటాది. ఏ రోజూ తోల్లేదండి."

చెప్పి పడీపడీ నవ్వేవాడు. వాడి బి.పి. ఎప్పుడు చూసినా చక్కగా ఉండేది. ఆయ్, వాడికి పేల్చే పని లేదుగా.

ఈ సుఖం సంచాలకులవారి చెవిన పడింది. కారు దిగుతూనే నా చేయి పట్టుకున్నారు.

"తాతారావుగారూ, మానవజాతి చరిత్రలో క్రౌర్యమునకు కొలమానము కనుగొన్న ప్రప్రథమ ప్రభుత్వము మనది. అయితే యుద్ధోత్పాదకత శూన్యస్థాయికి చేరియున్నట్లు ఉన్నతవర్గముల దృష్టికి వచ్చియున్నది. కొలుచుట మాత్రమే చాలదు. శాంతమును మనము ఉత్పత్తి చేయవలెను."

ఉత్పత్తి మొదలైంది. వంటశాలలో ఉప్పు ఆపేశారు. ఊరగాయ జాడీలకి సీలు వేశారు. చప్పిడి పప్పు, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ పెట్టారు. మధ్యాహ్నం అందరూ విధిగా పడుకోవాలి. సాయంత్రం ఒకాయన వచ్చి వేణువు ఊదేవాడు. ఇంటినుంచి ఏ కబురొచ్చినా ముందు శాఖవాళ్లు విని, బాధ కలిగించే ముక్క తీసేసి చెప్పేవాళ్లు. ఒక సిపాయికి తండ్రి పోతే "మీ నాన్నగారు విశ్రాంతి తీసుకుంటున్నారు" అన్నారు.

"ఇదేం తిండండీ బాబూ, నోట్లో పెట్టుకుంటే ఏడుపొత్తంది," అని గోల పెట్టిన సిపాయిలు కొన్నాళ్లకి ఆ గోల కూడా మానేశారు. తినమంటే తినేవాళ్లు, పడుకోమంటే పడుకునేవాళ్లు. బి.పి.లు దిగిపోయాయి. నూట ముప్పై, నూట ఇరవై. ఫిరంగులు మళ్లీ మొదలయ్యాయి.

మొదటి ప్రశాంత చర్య అవతలి గట్టున తాగే నీళ్ల చెరువులో విషం కలపడం. ఇద్దరు వెళ్లి, కలిపి, వచ్చి, మజ్జిగ తాగి పడుకున్నారు. విచారణ జరిగింది. "చర్యకు పూర్వము వీరి రక్తపోటు?" అని సంచాలకులవారు అడిగారు. మామూలేనండీ అన్నాను. "అట్లయిన క్రౌర్యము లేదు," అని లేచారు. అదే రోజున ఇంకో సిపాయి, ఫిరంగి మూత మీదపడి వేలు నలిగితే, దాని అమ్మనీ అక్కనీ కలిపి ఒక తిట్టు తిట్టాడు. చూస్తే నూట డెబ్భై. క్రౌర్యలక్షణాలు ఉన్నాయని వాణ్ణి గదిలో పెట్టి తాళం వేశారు.

నేను ఆగలేకపోయాను. "అయ్యా, చెరువులో విషం కలిపినవాళ్లు బయటా, వేలు నలిగినవాడు లోపలానాండీ?" అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వారు. "తమరు ఫలితమును చూచుచున్నారు. నీతిశాస్త్రము మనసును చూచును. పులి కోపముతో చంపును, అది క్రూరమృగము. ఉద్యోగి ఉత్తర్వు ననుసరించి చంపును, అది పరిపాలన."

నాకు ఒళ్లు మండింది. అదృష్టం, నా బి.పి. చూసేవాడు లేడు.

తర్వాత ఆయన ఇంకొకటి కనిపెట్టారు. గట్టు అడ్డమున్న ఫిరంగివాళ్లకి బి.పి. తక్కువగా ఉంటోంది. ఎదురుగా మనిషి కనపడే తుపాకీవాళ్లకి, ఎంత సొరకాయ పెట్టినా, కాస్త ఎక్కువే ఉంటోంది. మేజరుగారికి ఇంకా తక్కువ. రాజధానిలో ఉత్తర్వులిచ్చే పెద్దలకి మరీ తక్కువ. కాబట్టి దూరం పెరిగేకొద్దీ దయ పెరుగుతుందని సిద్ధాంతం తయారుచేసి, దాన్ని చదవడానికి పరదేశం వెళ్లొచ్చారు. శాలువా కప్పారట. తుపాకీవాళ్లందర్నీ వెనక్కి తీసుకొచ్చి ఫిరంగుల దగ్గర పెట్టారు. ఇప్పుడు శిబిరంలో అవతలి మనిషిని కంటితో చూసేవాడు ఒక్కడే మిగిలాడు. నూకరాజు.

అంతలో పై లంక ఖాళీ చేయాలని ఉత్తర్వు వచ్చింది. గట్టుమీద దండోరా వేయించారు, "లంకవాసులు తక్షణము పడవలపై తరలిపోవలెను" అని. ఆ పడవల్ని సైన్యం అవసరాలకని అంతకుముందే పట్టుకొచ్చి మా రేవులో కట్టేశారు. ఆ ముక్క మేజరుగారితో అన్నాను. "పడవల విషయం వేరే విభాగం," అన్నారు. ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుకున్నారు.

ఫిరంగివాళ్లందరికీ బి.పి. చూశాను. అందరూ శాంతులే. మంచె మీద నూకరాజు దుర్భిణి పెట్టుకున్నాడు.

"దిశ చెప్పు," అన్నారు మేజరుగారు కిందనుంచి.

వాడు దుర్భిణి ఇంకాస్త కళ్లకి నొక్కుకున్నాడు.

"దిశ చెప్పవోయ్."

"అక్కడ జనం ఉన్నారండీ."

"తెలుసు. దిశ చెప్పు."

"ఆవిడ పాలు తీత్తందండీ. ఇప్పుడే ఇచ్చింది గేదె." దుర్భిణి మెడలోంచి తీసి మంచె మీద పెట్టేశాడు. "నేను చెప్పనండీ. చంపేసినా చెప్పను. మీరంతా మనుషులేనాండీ?"

నన్ను మంచె ఎక్కించారు. వాడి జబ్బకి పట్టీ చుట్టాను. పాదరసం నూట తొంభై దాకా పోయి కొట్టుకుంటోంది. కాస్త ఆగి చూస్తానండీ అన్నాను. అప్పటికే సంచాలకులవారు నా భుజం మీదనుంచి తొంగి చూస్తున్నారు.

"నూట తొంభై!" అన్నారు. నిజంగానే భయపడ్డారాయన. "ఇంతటి క్రౌర్యమును నా సర్వీసులో చూచియుండలేదు."

అలా పై లంక మీద పేల్చనన్నవాడు క్రూరుడైపోయాడు. క్రౌర్యానికి శిక్ష మరణం. నాగరిక దేశాల్లో అలాగే ఉంటుందిట.

విచారణకి సంచాలకులవారూ, మేజరుగారూ, రాజధానినుంచి వచ్చిన ఒక న్యాయమూర్తీ కూర్చున్నారు. కోపంతో చెప్పిన తీర్పు కూడా క్రౌర్యమే కాబట్టి ముందు న్యాయపీఠానికి బి.పి. చూడాలి. సంచాలకులవారి జబ్బకి పట్టీ చుట్టాను. నూట ఇరవై నాలుగు. బోనులో నూకరాజు నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"నూట అరవై అయిదండీ," అన్నాను.

"ఏమిటీ?"

"అరవై అయిదండీ. కాస్త కోపంగా ఉన్నట్టున్నారు తమరు."

"నాకా! కోపమా! ప్రశాంతతా శాఖ సంచాలకుణ్ణి నేను! మళ్లీ చూడండి!"

మళ్లీ చూశాను. నూట డెబ్భై. అబద్ధం మొదటిసారే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతంతా నిజమే చెప్పాను. మేజరుగారి నోట్లోంచి మొదటిసారి చిన్న నవ్వు వచ్చింది. అది చూసి సంచాలకులవారికి ఇంకో పది పెరిగింది. విచారణ వాయిదా పడింది.

మర్నాడు ఆయన చెంబుడు మజ్జిగ తాగి, కళ్లు మూసుకుని వచ్చారు. నేను పాదరసం వైపు చూసి "అయ్యయ్యో" అన్నానంతే. దానికే ఎగబాకింది. ఇలా ఏళ్ల తరబడి లాగేయొచ్చు, పిల్లాడు బతికిపోతాడు అనుకున్నాను. కానీ మూడో వాయిదాకి ఆయన రాజధానినుంచి ఒక డాక్టర్ని రప్పించారు. ఆ డాక్టరు దగ్గర రెండు కొసలున్న స్టెతస్కోపు ఉంది. ఒక కొస నా చెవుల్లో, ఇంకో కొస ఆయన చెవుల్లో. ఇక నా ఆటలు సాగలేదు.

ఆ డాక్టరు వచ్చిన ఉదయమే పై లంక పని కూడా ముగించేశారు. దుర్భిణి పట్టేవాడు లేకపోతే గురి కుదరదు కదండీ అన్నాను. మేజరుగారు ఆలోచించి, "లంకంతా పేల్చేస్తే గురెందుకు?" అన్నారు. ఫిరంగివాళ్లకి బి.పి. చూశాం, నేనూ డాక్టరూ కలిసి. అందరిదీ మామూలే. ఎవరికీ ఏమీ కనపడటం లేదు. ఆ పూటంతా పేలుస్తూనే ఉన్నారు. చివర్లో గట్టెక్కి చూశాను. పాకలు లేవు, అరటి తోట లేదు, ఇసుక. మధ్యలో కొద్దిగా పొగ. రాజధానికి "పై లంక శాంతించినది" అని కబురు వెళ్లింది. మేజరుగారికి శాంతిపతకం వచ్చింది.

నూకరాజు ఉన్న గదిలోకి ఆ చప్పుడు వినపడే ఉంటుంది. అభ్యాసం చేస్తున్నారని చెప్పారట కావలివాళ్లు.

తీర్పులో, దోషిని శాంతముగా కాల్చవలెను అని ఉంది. కాల్చేవాళ్లని మా శిబిరంలోంచే తీశారు. నూకరాజుతో కలిసి చప్పిడి పప్పు తిన్నవాళ్లే. చూస్తే ఒక్కడికీ నూట అరవై లోపు లేదు. వాణ్ణి ఎరగని సిపాయిల్ని ఇంకో శిబిరంనుంచి తెప్పించారు. వాళ్లకి చక్కగా ఉంది. అప్పుడు న్యాయమూర్తిగారికి ఒక సందేహం వచ్చింది. ఈలోగా వీడి కోపం తగ్గిపోయి ఉంటేనో? కోపం లేనివాడు క్రూరుడు కాడు, క్రూరుడు కానివాణ్ణి కాల్చడం నిబంధనలకి విరుద్ధం. కాబట్టి కాల్చే ముందు ఒక్కసారి వాడికీ బి.పి. చూడాలన్నారు. నూట నలభై లోపు ఉంటే వదిలేయాలి.

ఆలోచించండి. గుంజకి కట్టేసి, ఎదురుగా తుపాకులు పెట్టి, బాబూ, నువ్వు శాంతంగా ఉన్నావా అని అడగడం! కానీ వాడు బతకడానికి ఉన్నది ఆ ఒక్క దారే. నేను అబద్ధం చెబుదామంటే రెండో కొస డాక్టరు చెవుల్లో ఉంది.

ఉదయం ఏటి ఒడ్డున సరుగుడు గుంజకి కట్టారు వాణ్ణి, గట్టుకి ముఖం పెట్టి. ఏరు వాడికి వెనక ఉంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని పట్టీ చుట్టాను. గుండె దడ నా వేళ్లకి తెలుస్తోంది.

"డాక్టరుగారండీ," అన్నాడు నెమ్మదిగా. "మొన్న పేలింది పై లంక మీదేనాండీ?"

"కాదురా."

"ఆవిడో?"

"దాటేసిందిరా అబ్బాయ్! గేదెని ఈదించుకుంటూ, దాని మెడ పట్టుకుని వచ్చేసింది. మా ఆసుపత్రి వెనక వీధిలోనే కట్టేసింది. పొద్దున్నే మమ్మల్నెవర్నీ పడుకోనివ్వట్లేదు."

వాడు నా కళ్లలోకి చూశాడు. "ఏమని తిడతందండీ?"

"నీ దుంప తెగా! సంతకి తోలేత్తానుండు నిన్నూ!" అని చెయ్యి ఊపి మరీ చూపించాను.

వాడు నవ్వాడు. తుపాకుల ఎదురుగా, కట్టేసి ఉన్నవాడు, కడుపారా నవ్వాడు. "అదేనండీ, అదే," అన్నాడు. భుజాలు వదులైపోయాయి. నేను పంపు కొట్టి గాలి వదిలాను. పాదరసం మెల్లిగా దిగుతోంది. నూట ముప్పై దగ్గర చప్పుడు మొదలైంది. రెండో కొసలో డాక్టరు తలూపాడు.

"ధ్రువీకరిస్తున్నాను," అన్నాడు.

సంచాలకులవారికి నిరాశ కలిగినా నిబంధన నిబంధనే. వచ్చి నూకరాజుని కౌగిలించుకున్నారు. "శాంతచిత్తుడవు! ప్రభుత్వమునకు నీయందు ఎట్టి ఆక్షేపణయు లేదు." తాళ్లు విప్పించారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బతికించేశానురా దేవుడా అనుకున్నాను.

జబ్బకి పట్టీ ఇంకా విప్పనేలేదు, మేజరుగారు దుర్భిణి తెచ్చి వాడి మెడలో వేశారు.

"కింది లంక ఇవాళే ఖాళీ చేయాలి. దిశ చెప్పు," అన్నారు.

నూకరాజు దుర్భిణి ఎత్తాడు. కింది లంక వైపు తిప్పలేదు. ఏటికేసి తిరిగి ముందు పై లంక వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దుర్భిణి దించి నా వైపు చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. కోపం లేదు ఆ చూపులో.

"కొలవండి," అన్నారు సంచాలకులవారు. "విధినిర్వహణలో కూడ శాంతము నిలిచియున్నదో లేదో తెలియవలెను."

కాల్చేవాళ్లు ఇంకా వరసలోనే నిలబడి ఉన్నారు. నేను పంపు కొట్టాను. పాదరసం ఎంత ఎక్కించినా చప్పుడు ఆగడం లేదు. డాక్టరు కనుబొమలు పైకి లేస్తున్నాయి.

"ఎంత?" అన్నారు సంచాలకులవారు.

నేను పట్టీ ఊడబీకాను. మిషను రెండు చేతులా ఎత్తి, పక్కనున్న ఫిరంగి చక్రం ఇనుపకట్టు మీద వేసి కొట్టాను. "మీ అందరి దుంపా తెగా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గాజుగొట్టం పగిలి పాదరసం ఇసుకలో పూసలు పూసలుగా దొర్లిపోయింది. సంచాలకులవారు, డాక్టరు, న్యాయమూర్తి ముగ్గురూ వంగి దాన్ని ఏరబోయారు. పాదరసం చేతికి దొరుకుతుందా?

శాఖకంతటికీ ఉన్న మిషను అదొక్కటే. బి.పి. చూడకుండా ఆయుధం ఎత్తితే నేరం. నూకరాజుని కాల్చడానికి వీల్లేదు, కింది లంక మీద పేల్చడానికీ వీల్లేదు. కొత్త మిషనుకి టెండరు పిలిచారు. ఆ టెండరు మీద ఇంకొకరు అభ్యంతరం పెట్టారు. ఈలోగా కింది లంకవాళ్లు అరటిబోదెలతో తెప్పలు కట్టుకుని, పిల్లాపాపల్తో రెండు గట్లకీ దాటేశారు. తర్వాత వరదొచ్చింది. లంకలు రెండూ కరిగి ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. కొట్టుకోవడానికి మట్టి లేక రెండు సర్కార్లూ సంధి చేసుకుని, రెండూ గెలిచామని టపాకాయలు కాల్చాయి.

మొత్తం యుద్ధంలో క్రౌర్యం ఎంత జరిగిందని పరదేశాల పెద్దలు వచ్చి అడిగారు. విరూపాక్షరావుగారు మెత్తటి గొంతుతో, "ఒకే ఒక్క సంఘటనండి. దోషిని కఠినముగా శిక్షించినాము," అన్నారట. ప్రభుత్వ మిషను మీద, సాక్షుల సమక్షంలో, కోపావేశమున జరిపిన హింస. కోపం వచ్చిందా అని కోర్టులో అడిగితే, ఆయ్, వచ్చిందండీ, చాలా వచ్చింది అన్నాను. ఉరి వేద్దామన్నారు గానీ చచ్చింది మిషను కాబట్టి జైలుతో సరిపెట్టారు.

ఆఖరి కొలత కాగితానికెక్కలేదు కాబట్టి నూకరాజు శాంతుడిగానే విడుదలయ్యాడు. ఆ మధ్య నన్ను చూడ్డానికొచ్చాడు.

"అబద్ధం చెప్పారండీ మీరు," అన్నాడు రాగానే.

"చెప్పానురా."

"గేదె మాత్రం నిజంగానే ఈదుకొచ్చేసిందండీ. కింది రేవులో తిరుగుతుంటే నేనే తోలుకొచ్చాను. పాలియ్యట్లేదు. తిడితే గానీ ఇయ్యదు కదండీ. నాకేమో ఆ తిట్టు నోటికి రావట్లేదు." కళ్లు తుడుచుకున్నాడు. "ఇక్కడే కట్టేశానండీ, గోడవతల."

నేను కిటికీ ఊచలు పట్టుకుని, ఆవిడ తిట్టిన తిట్టు, ఆవిడ చెయ్యి ఊపినట్టే ఊపి, గట్టిగా తిట్టాను. గేదె చెవులు ఆడించి ఇటు చూసింది. కాసేపు చూసి తల తిప్పేసుకుంది.

టెండరు తేలి, కొత్త మిషన్లు యుద్ధం అయిపోయాక వచ్చాయి. ఏం చేయాలో తెలియక ఒకటి మా జైలుకి పంపారు. నెలనెలా వచ్చి చూస్తారు. నూట నలభై లోపు దిగితే నేను శాంతించినట్టు, ఆ రోజే వదిలేస్తారట. జైలరు మంచివాడు, కాస్త మజ్జిగ తాగండి, పాత సంగతులు తలుచుకోకండి అని బతిమాలతాడు. పట్టీ చుట్టగానే నేను కళ్లు మూసుకుని పై లంకని తలుచుకుంటాను. పాకలు, అరటి తోట, పాలు తీస్తున్న ముసలావిడ.

ఇంతవరకూ దిగలేదు. దిగనివ్వను.